ఆ చాట్‌బాట్‌లోకి వెళ్తున్నది ఎవరి సమాచారం?

ముందుగా నేను చేసిన ఒక పని చెప్పేస్తాను, లేకపోతే ఇక్కడ నిలబడి మీకు జాగ్రత్తలు చెప్పే అర్హత ఈయనకి ఎక్కడినుంచి వచ్చిందని మీలో కొందరైనా అనుకుంటారు. ఒక సెమిస్టర్ చివర. ఇంటర్నల్ మార్కులు మర్నాడు సాయంత్రంలోగా ఎక్కించాలి, దిద్దాల్సిన రిపోర్టులు ఇంకా 38 ఉన్నాయి, రాత్రి 11 అయింది. నా సొంత మెయిల్‌తో తెరిచిన ఉచిత చాట్‌బాట్ ఒకటి పక్క ట్యాబ్‌లో ఉంది. ఒక్కో రిపోర్టూ కాపీ చేయడం, అందులో పెట్టడం, లోపాలు చెప్పు, 20కి ఎన్ని వేయొచ్చో చెప్పు అనడం. అలా 12వ రిపోర్టు దగ్గర ఆగిపోయాను. మొదటి పేజీలో పేరు, రోల్ నంబర్, ఫోన్ నంబర్ ఉన్నాయి, అవి అంతకుముందు 11 రిపోర్టుల్లోనూ ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. కానీ ఈ అమ్మాయి చివర్లో ఒక పేరా రాసింది. ఆలస్యమైనందుకు క్షమించండి సార్ అని మొదలుపెట్టి, ఆ నెలలో తను ఏ జబ్బుతో ఆస్పత్రిలో ఉందో, ఏ మందులు వాడుతోందో చెప్పుకుంది. ఎవరికి చెప్పుకుంది? నాకు. నేను ఆ పేరా చదివేసరికే అది నా చేయి దాటిపోయింది.

ఆ తర్వాత మా దగ్గర ఏఐ టూల్స్ ఎంచుకోవడానికి ఒక కమిటీ వేస్తామన్నప్పుడు నేనే చేయెత్తాను. పాపపరిహారం అనుకోండి. (నవ్వులు)

మొదటి రెండు సమావేశాలు ఎలా గడిచాయో చెప్తే మీకు తెలిసిన కథే అనిపిస్తుంది. ఏ టూల్ బాగా రాస్తుంది, ఏది కోడ్ బాగా చేస్తుంది, ఏది లెక్కల్లో తప్పులు తక్కువ చేస్తుంది, కొత్త వెర్షన్ వచ్చిందంట కదా, దాన్ని చూశారా సార్, ఇదే చర్చ. ఎవరికి నచ్చిన దాన్ని వాళ్లు మోస్తున్నారు. మూడో సమావేశంలో ఐటీ విభాగం నుంచి వచ్చిన ఒక మేడం, అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని ఆవిడ, అడిగారు: ఇంతకీ మీరు అందులో ఏం పెడదామనుకుంటున్నారు? గది నిశ్శబ్దమైపోయింది. ఎందుకంటే ఎవరమూ అది ఆలోచించలేదు. టూల్ ఏం ఇస్తుందనే చూశాం, మనం దానికి ఏం ఇస్తున్నామో చూడలేదు.

ఆవిడ అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెట్టాలని ఇవాళ నేను మీకు చెప్పదలుచుకున్నది. మీరు చేసే పనులన్నీ ఒకసారి కాగితం మీద రాసుకోండి. పాఠానికి ఉదాహరణలు కావాలి, ఒక సిద్ధాంతాన్ని మూడు రకాలుగా వివరించాలి, క్విజ్ తయారు చేయాలి, స్లైడ్లు సర్దుకోవాలి. ఇందులో ఏ విద్యార్థి సమాచారమూ లేదు. వీటికి దాదాపు ఏ టూల్ వాడినా ఇబ్బంది లేదు, జవాబు సరిచూసుకుంటే చాలు. మన పనిలో ఇది చిన్న భాగమేం కాదు, అందుకే ఏఐ అంటేనే వద్దు అని తలుపులేసుకునే వాళ్లతో కూడా నేను ఏకీభవించను. తర్వాత విద్యార్థులు రాసిన రాతలు వస్తాయి, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఇంకా అచ్చుకాని థీసిస్ అధ్యాయాలు. పేరు తీసేసినా అది వాళ్ల రాత, దాని మీద హక్కు సాధారణంగా వాళ్లదే. అందులో పేటెంట్‌కి వెళ్లదగ్గ ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఆ పైన మార్కుల జాబితాలు, హాజరు, వైకల్యానికి సంబంధించిన కాగితాలు, ఫిర్యాదులు, కౌన్సెలింగ్ నోట్సు, సిఫారసు లేఖలు. సిఫారసు లేఖ అనగానే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ, ఒక మనిషి గురించి మనకు తెలిసిన మంచీ చెడూ అంతా ఒకే పేజీలో ఉండేది అక్కడే. ఇక పరీక్షకి ముందు ప్రశ్నపత్రం. అది ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు, అయినా ఉచిత చాట్‌బాట్‌లో పెట్టి భాష సరిచేయమని అడగకూడదు. నవ్వకండి, అడిగినవాళ్లున్నారు.

ఇప్పుడు టూల్ దగ్గరికొద్దాం. సార్, ఫలానా టూల్ సురక్షితమేనా అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే ఒకే పేరుతో ఉన్న టూల్‌కి రెండు గుమ్మాలుంటాయి. గూగుల్ జెమినై తీసుకోండి. సొంత జీమెయిల్‌తో వాడితే, కొన్ని సంభాషణలను మనుషులు కూర్చుని చూడొచ్చని, అలా చూసినవి మూడేళ్ల వరకూ ఉంచొచ్చని, రహస్యమైనవేవీ ఇందులో పెట్టొద్దని గూగులే తన ప్రైవసీ పేజీలో రాసుకుంది. అదే జెమినైని విద్యాసంస్థ ఇచ్చిన వర్క్‌స్పేస్ అకౌంట్‌తో, అంటే గూగుల్ సంస్థలకిచ్చే అకౌంట్‌తో తెరిస్తే, మీ మాటలు మోడల్ ట్రైనింగ్‌కి, అంటే ఆ ఏఐకి నేర్పడానికి వాడం, మనుషులతో చదివించం అని ఒప్పందంలో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ కోపైలట్‌లో సంస్థ అకౌంట్‌తో వెళ్తే ఆకుపచ్చ కవచం గుర్తొకటి కనపడుతుంది, డేటా రక్షణ ఉందని దానర్థం. ఓపెన్‌ఏఐ 2024 మేలో యూనివర్సిటీల కోసం చాట్‌జీపీటీ ఎడ్యు అని విడిగా తెచ్చింది, ఇక్కడా తేడా అదే. స్క్రీన్ ఒకటే, జవాబులూ ఇంచుమించు ఒకటే, లోపల షరతులు మాత్రం వేరు. బ్రౌజర్‌లో రెండు అకౌంట్లూ తెరిచే ఉంటాయి కదా, పొరపాటున ఏ గుమ్మంలోంచి వెళ్లామో మనకే తెలియదు. మా దగ్గర జరిగిన పొరపాట్లలో ఎక్కువ ఇవే. పనికి ఒక బ్రౌజర్, సొంతానికి ఇంకో బ్రౌజర్ పెట్టుకోండి, ఇంతకంటే సులువైన రక్షణ నాకు తెలియదు.

కాబట్టి సంస్థ తరఫున ఒప్పందం లేని టూల్‌లో విద్యార్థుల సమాచారం పెట్టకూడదు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం కూడా ఇదే చెప్తుంది, మీ తరఫున ఇంకొకరు వ్యక్తిగత సమాచారాన్ని చూస్తుంటే వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, వాళ్లు మీరు చెప్పిన పనికే దాన్ని వాడాలి. నేను సొంత మెయిల్‌తో చేసిన పనిలో అలాంటిదేమీ లేదు. "నేను అంగీకరిస్తున్నాను" అని నొక్కింది నేను, వెళ్లింది ఆ అమ్మాయి జబ్బు వివరం.

ఒప్పందంలో ఏం చూడాలంటే, ట్రైనింగ్‌కి వాడతారా లేదా అన్నది అందరూ చూస్తారు, అమ్మకానికి వచ్చినవాళ్లు కూడా అదే మొదటి స్లైడ్‌లో పెడతారు. అక్కడితో ఆగకండి. ఎన్నాళ్లు ఉంచుతారు, లోపల ఎవరు చూడగలరు, ఇంకే కంపెనీలకి పంపుతారు, ఏదైనా బయటికి పొక్కితే మనకి ఎన్ని గంటల్లో చెప్తారు, ఒప్పందం ముగిశాక ఉన్నదంతా చెరిపేసినట్టు రాసిస్తారా, ఇవన్నీ అడగాలి. సర్వర్లు మీ దేశంలోనే ఉన్నాయండీ అని ఒక మాట వేస్తారు, అది మంచిదే, కానీ అమెరికా కంపెనీ అయితే 2018 నాటి క్లౌడ్ యాక్ట్ ప్రకారం సమాచారం ఏ దేశంలో ఉన్నా అమెరికా అధికారులు చట్టప్రకారం అడగడానికి దారుంది. సర్వర్ చిరునామా చూసి ధీమాగా ఉండిపోకండి.

చెరిపేయడం గురించి కాస్త ఆగి చెప్పాలి. మనమంతా డిలీట్ నొక్కితే పోయిందనుకుంటాం. 2025 మేలో ఏమైందంటే, న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఓపెన్‌ఏఐ మీద వేసిన కాపీరైట్ కేసులో కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది, చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబుల రికార్డులను, వాడినవాళ్లు డిలీట్ చేసినవి సహా, చెరపకుండా దాచి ఉంచమని. అంటే వాడినవాళ్లు డిలీట్ నొక్కినా, కంపెనీ 30 రోజుల్లో చెరిపేస్తామని రాసినా, వాళ్లకి ఏ సంబంధమూ లేని కేసు వల్ల అవి అలాగే ఉన్నాయి. ఆ బాధ్యత అదే ఏడాది సెప్టెంబరులో ముగిసింది. ఇందులో మనకి పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యు అకౌంట్లకి, అంటే సంస్థలు తీసుకునేవాటికి ఆ ఉత్తర్వు వర్తించదని ఓపెన్‌ఏఐ చెప్పింది. మళ్లీ అదే, ఏ గుమ్మంలోంచి వెళ్లామన్నది. ఏదేమైనా, టూల్‌లోకి వెళ్లకుండా ఆపిన సమాచారం ఒక్కటే చెరపాల్సిన పని లేనిది.

సరే, పేర్లు తీసేసి పెడతాం కదా సార్, అప్పుడేం ఇబ్బంది? ఇది తెలివైనవాళ్లు అడిగే ప్రశ్న. పేర్లు తీయడం మంచి అలవాటే, మానకండి. కానీ తాళం వేశాం, గొళ్లెం మరిచాం అన్నట్టుంటుంది అక్కడితో ఆగిపోతే. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో ఒక లెక్క కట్టారు, కేవలం పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టినతేదీ, ఆడా మగా అన్నది, ఈ మూడూ తెలిస్తే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని. ఆ మూడింట్లో పేరు లేదు చూడండి. మన తరగతిలో ఉండేది 60 మంది. "చక్రాల కుర్చీలో వచ్చే మూడో ఏడాది విద్యార్థి" అని రాస్తే పేరెందుకు? "పెళ్లై బాబున్న అమ్మాయి, రెండోసారి ఫెయిలైంది" అంటే? పేరు కొట్టేసి, మనిషిని అలాగే వదిలేస్తున్నాం. కాబట్టి పేరుతో పాటు ఆ పనికి అక్కర్లేని వివరం ప్రతీదీ తీసేయాలి. పేరాగ్రాఫు మీద అభిప్రాయం కావాలంటే ఆ పేరాగ్రాఫే పెట్టండి, 40 పేజీల ఫైలు మొత్తం అప్‌లోడ్ చేయకండి. ఫైలు లోపల రాసినవాళ్ల పేరు వేరే చోట దాగి ఉంటుంది, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చూడండి, ఆశ్చర్యపోతారు.

ఇంకో మాట తరచూ వింటాను. మేము విద్యార్థుల అనుమతి తీసుకున్నామండీ, అందరూ సంతకం పెట్టారు. అందరూ పెట్టారా? అయితే అక్కడే అనుమానం రావాలి. మార్కులు వేసే మనిషి ఎదురుగా నిలబడి, దీనికి మీకు అభ్యంతరం ఉందా అంటే ఎవరు చేయెత్తుతారు? ఇద్దరి మధ్య బలం ఇంత తేడాగా ఉన్నప్పుడు ఇచ్చిన అనుమతి స్వేచ్ఛగా ఇచ్చినట్టు లెక్కలోకి రావడం కష్టమని జీడీపీఆర్ కూడా అంటుంది. నిజమైన అనుమతి కావాలంటే, వద్దన్నవాళ్లకి అంతే బరువున్న ఇంకో దారి ఉండాలి, ఆ వద్దన్న సంగతి వీలైతే మార్కులు వేసే మనకి తెలియకుండా ఉండాలి. తరగతిలో ఫలానా టూల్‌లో అకౌంట్ తెరవండి, ఇదే అసైన్‌మెంట్ అని చెప్పేముందు ఇది ఆలోచించండి. ఫోన్ నంబరిచ్చి అకౌంట్ తెరవాల్సింది వాళ్లు, షరతులకి ఒప్పుకోవాల్సింది వాళ్లు, ఆ టూల్‌ని ఎంచుకున్నది మాత్రం మనం.

వయసు సంగతి కూడా. మొదటి ఏడాదిలో చేరేవాళ్లలో 17 ఏళ్ల వాళ్లుంటారు. చాట్‌జీపీటీ షరతుల్లో 18 దాటనివాళ్లకి పెద్దల అనుమతి కావాలని ఉంది. భారతదేశం 2023లో చేసిన డేటా రక్షణ చట్టం 18 లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. యూరప్‌లో ఇలాంటి వాటికి సొంతంగా అనుమతి ఇవ్వగల వయసు దేశాన్ని బట్టి 13 నుంచి 16 మధ్య ఉంటుంది. యూనివర్సిటీ కదా, అందరూ పెద్దవాళ్లే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, మేమూ చేశాం.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయం ఒకటి. ఏఐతో రాశారా లేదా అని పట్టుకునే డిటెక్టర్లు. డేటా రక్షణ ఉపన్యాసంలో ఇదెందుకంటారేమో, విద్యార్థుల రాతలు గుట్టలుగుట్టలుగా ఊరూ పేరూ తెలియని సైట్లలోకి ఎక్కుతున్నది ఈ దారిలోనే. అనుమానం వచ్చిన ప్రతి టీచరూ గూగుల్‌లో మొదట కనపడిన ఉచిత డిటెక్టర్‌లో మొత్తం అసైన్‌మెంట్ పెట్టేస్తారు. పోనీ ఫలితమైనా నమ్మదగ్గదా? ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తన సొంత డిటెక్టర్ తెచ్చింది, ఏఐ రాసినవాటిలో 26 శాతమే సరిగ్గా పట్టింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని తప్పుగా చెప్పింది, ఆరు నెలల్లో జులైలో దాన్ని ఎత్తేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో రాసిన వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో పెట్టి చూస్తే, సగటున 61 శాతానికి పైగా ఏఐ రాసినవని వచ్చాయి. కష్టపడి, వచ్చిన నాలుగు మాటల్లో రాసుకున్న పిల్లలవి అవి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ 2023 ఆగస్టులో, కాపీ రాతలు పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లోని ఏఐ డిటెక్టర్‌ని ఆపేసింది, ఆపడానికి చెప్పిన కారణాల్లో నమ్మకం ఒకటి, ప్రైవసీ ఒకటి. విద్యార్థి రాత మీద అనుమానముంటే పిలిచి కూర్చోబెట్టి 10 నిమిషాలు మాట్లాడండి. వైవా ఎందుకుంది మరి?

మార్కులు ఏఐతో వేయించడం గురించి క్లుప్తంగా. యూరప్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, విద్యలో ప్రవేశాలు నిర్ణయించేవి, విద్యార్థుల్ని అంచనా వేసేవి, పరీక్షలో కాపలా కాసేవి, వీటిని ఎక్కువ ప్రమాదమున్న వాటిలో చేర్చింది. విద్యార్థి ముఖం చూసి వాడి మనసులో ఏముందో చెప్పే టూల్స్‌ని, వైద్యం, భద్రత లాంటి కారణాలు తప్ప, 2025 ఫిబ్రవరి 2 నుంచి చదువుల్లో ఏకంగా నిషేధించింది. మీ దేశంలో ఆ చట్టం లేకపోవచ్చు, కానీ కెమెరా పెట్టి విద్యార్థి శ్రద్ధని శాతాల్లో చూపిస్తామని ఎవరైనా డెమోకి వస్తే, వాళ్లని ఎలా చూడాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇవన్నీ విన్నాక, అయితే మన సొంత సర్వర్‌లోనే పెట్టుకుందాం అంటారు కొందరు. మంచి ఆలోచన, నాకూ ఇష్టమైనదే. మిషిగన్ యూనివర్సిటీ 2023లోనే తన వాళ్లకోసం యూ-ఎం జీపీటీ అని సొంత గుమ్మం కట్టుకుంది. లామా, మిస్ట్రల్ లాంటి, ఎవరైనా దించుకునేలా బయటికి ఇచ్చిన ఏఐ మోడళ్లలో చిన్నవి, 7, 8 బిలియన్ పారామీటర్లవి (మోడల్ ఎంత పెద్దదో చెప్పే లెక్క అది), కుదించి పెడితే మంచి ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాయి, ఇంటర్నెట్ తీసేసినా సరే. నేను వ్యాఖ్యల ముసాయిదాకి అలాగే వాడుతున్నాను. నెమ్మది, పెద్దవాటంత తెలివీ లేదు, తెలుగు సరిగ్గా రాదు, అది ఒప్పుకోవాలి. ఇంకో సంగతి, సొంత సర్వర్ అనగానే భద్రం అయిపోదు. అప్‌డేట్లు ఎవరు వేస్తారు, ఎవరేం అడిగారో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్లని ఎవరు చదవగలరు? బయటి కంపెనీ చూడకపోతే చాలదు, పక్క గదిలోని సహోద్యోగి చూడకూడనివీ ఉంటాయి.

ఒకసారి ఎంచుకున్నాం కదా, పనైపోయింది అని కూడా అనుకోకండి. నెదర్లాండ్స్‌లో సర్ఫ్ అనే సంస్థ, అక్కడి యూనివర్సిటీలన్నిటి తరఫున ఐటీ చూసేది, మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌ని పరీక్షించి 2024 డిసెంబరులో ప్రస్తుతానికి వాడొద్దని చెప్పింది, కంపెనీ కొన్ని మార్పులు చేశాక 2025లో ప్రమాదం తగ్గిందని అంచనా మార్చింది. గట్టిగా అడిగితే కంపెనీలు కదులుతాయన్నమాట, అయితే విడివిడిగా కాకుండా అందరూ కలిసి అడిగారు. ఎదురు దిశలోనూ జరుగుతుంది. 2025 ఆగస్టులో ఆంత్రోపిక్ అనే కంపెనీ తన చాట్‌బాట్ క్లాడ్‌లో సొంత అకౌంట్ల షరతులు మార్చింది, వాడేవాళ్లు ఒప్పుకుంటే చాట్‌లని ట్రైనింగ్‌కి వాడి ఐదేళ్ల వరకూ ఉంచుతుంది, వద్దంటే 30 రోజులే. విద్యాసంస్థల అకౌంట్లకి ఇది వర్తించదు. అంతకుముందు ఏడాది షరతులు చదివి ఊరుకున్నవాళ్లకి ఇది తెలియదు. మేం ప్రతి సెమిస్టర్ మొదట్లో మళ్లీ చదువుతాం. విసుగే. ఒకరు చదివి, మిగతావాళ్లకి అర పేజీలో రాసిస్తారు, వంతులవారీగా.

ఒక ప్రశ్నకి సమయం ఉందంటున్నారు. చెప్పండి మేడం. ... ఇప్పటికే పెట్టేశాం, ఇప్పుడేం చేయాలి అంటున్నారు. ఈ గదిలో సగంమంది మనసులో ఉన్నది మీరు అడిగారు. ఆ అకౌంట్‌లో ట్రైనింగ్ ఆప్షన్ ఆపేయండి, ఆ చాట్‌లు డిలీట్ చేయండి, ఎవరికైనా షేర్ లింకులు పంపి ఉంటే అవీ తీసేయండి, 2025లో అలాంటి లింకులు కొన్ని గూగుల్ వెతుకులాటలో కూడా కనపడ్డాయి. తర్వాత మీ సంస్థలో డేటా రక్షణ చూసేవాళ్లకి చెప్పండి, దాచొద్దు. జీడీపీఆర్ ఉన్నచోట సంస్థకి తెలిసిన 72 గంటల్లో అధికారులకి చెప్పాల్సిన సందర్భాలుంటాయి, మీరు మొహమాటపడే కొద్దీ వాళ్ల పని కష్టమవుతుంది. నేను వెళ్లి చెప్పినప్పుడు భయపడినంత ఏమీ కాలేదు, ఒక ఫారం నింపించారు. ఆ 12 మంది విద్యార్థులకీ కూడా చెప్పాను, విడివిడిగా. అదే కష్టమైన పని. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎక్కడ పెట్టారు, ఎవరు చదువుతారు అని అడుగుతుందనుకుని నేను జవాబులు సిద్ధం చేసుకుంటుంటే, అది నాకు 20కి ఎన్ని వేసింది సార్ అని అడిగింది. పద్నాలుగు అని చెప్పాను. మీరెన్ని వేశారు అంది. నేను అప్పటికింకా ఆ రిపోర్టు చదవలేదు.